బుడమేరు తగ్గాక బడిలో మిగిలే పని: పాఠశాల సోషల్ వర్క్ గురించి

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన కుండపోతకు బుడమేరు పొంగి, కట్టకు గండ్లు పడటంతో విజయవాడలోని అజిత్ సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, కండ్రిక, కొత్త రాజరాజేశ్వరీపేట వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. ప్రకాశం బ్యారేజీకి అదే సమయంలో 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది కాబట్టి, బుడమేరు నీటిని కృష్ణలోకి మళ్లించే దారి కూడా అక్కరకు రాలేదు. నీళ్లు తీశాక నష్టాల లెక్క మొదలైంది. కింది అంతస్తు మునిగిన కుటుంబానికి 25 వేల రూపాయలు, పై అంతస్తుల వారికి 10 వేల రూపాయలు చొప్పున ప్రభుత్వం సాయం ప్రకటించింది. ఆటోకు ఒక లెక్క, బైకుకు ఒక లెక్క వేశారు. బడి తెరిచిన రోజున తరగతిలో కూర్చున్న పిల్లకు జరిగిన నష్టాన్ని రాసుకోవడానికి మాత్రం ఆ పట్టికల్లో గడి లేదు.

ఆ గడిని నింపే పనికి పేరు పాఠశాల సోషల్ వర్క్. వాన గట్టిగా పడినప్పుడల్లా, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటినప్పుడు కూడా, విద్యార్థుల పునరావాసం, కౌన్సెలింగ్, సోషల్ వర్కర్లు అనే మాటలు వార్తల్లోకి వస్తూ ఉంటాయి. ఈ మూడు మాటలకూ మన వాడుకలో వేరే అర్థాలు ముందే స్థిరపడి ఉండటం వల్ల, తల్లిదండ్రులు ఒకటి వింటారు, అధికారులు ఒకటి చెబుతారు, టీచర్లు మరొకటి ఊహించుకుంటారు. కాబట్టి ముందు మాటల దగ్గర మొదలుపెట్టడం మంచిది.

మూడు మాటలు, మూడు అపార్థాలు

పునరావాసం అనగానే మనకు గుర్తొచ్చేది పునరావాస కేంద్రం, అంటే కల్యాణ మండపంలోనో హైస్కూల్లోనో చాపలు పరిచి, పులిహోర పొట్లాలు పంచే చోటు. అది నాలుగు రోజుల వసతి. విద్యార్థి పునరావాసం అన్నప్పుడు ఉద్దేశించేది వేరే. ఆ పిల్ల విపత్తుకు ముందు ఎంత క్రమంగా బడికి వచ్చేదో, ఎంత నిశ్చింతగా చదువుకునేదో, ఇంట్లోనూ స్నేహితుల్లోనూ ఏ స్థానంలో ఉండేదో, మళ్లీ ఆ స్థితికి చేరడం. దీనికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది.

కౌన్సెలింగ్ అన్న మాట ఇంకా చిక్కు తెచ్చిపెడుతుంది. మన ఇళ్లలో కౌన్సెలింగ్ అంటే ఇంజనీరింగ్ సీట్ల కేటాయింపు, లేకపోతే తాగి బండి నడిపిన వారికి పోలీసులు ఇచ్చే హితబోధ. ‘మీ అబ్బాయికి కౌన్సెలింగ్ ఇప్పించాలండీ’ అని టీచరు కబురు పంపితే, పిల్లవాడు ఏదో తప్పు చేశాడని తండ్రి ముందుగా రెండు దెబ్బలు వేసే అవకాశం ఉంది. ఇక్కడ ఉద్దేశించిన కౌన్సెలింగ్‌లో బోధ ఉండదు. పిల్లకు ప్రమాదం ఉందనిపిస్తే తప్ప తను చెప్పేది ఎవరికీ చేరవేయకుండా, తీర్పు చెప్పకుండా వినడం, తన ఇబ్బందిని తానే మాటల్లో పెట్టుకునేందుకు తోడుగా ఉండటం దాని పని.

సోషల్ వర్కర్ అంటే మనకు సేవాభావంతో దుప్పట్లు పంచే పెద్దమనిషి. ఆ సేవ విలువైనదే, అయితే ఇక్కడ చెబుతున్నది సోషల్ వర్క్‌లో రెండేళ్ల పీజీ (ఎం.ఎస్.డబ్ల్యు.) చదివి, క్షేత్రంలో శిక్షణ పొంది, జీతానికి చేసే వృత్తి. బడికి సంబంధించి ఇది కొత్తదేమీ కాదు. 1906-07 ప్రాంతంలో అమెరికాలోని న్యూయార్క్, బోస్టన్, హార్ట్‌ఫర్డ్ నగరాల్లో వలస కుటుంబాల పిల్లలు బడికి ఎందుకు రావడం లేదో తెలుసుకోవడానికి ఇళ్లకు వెళ్లే టీచర్లను నియమించారు. ఈ వృత్తి అక్కడే మొదలైంది. ఇంటికి, బడికి, ప్రభుత్వ కార్యాలయానికి మధ్య తెగిన దారాన్ని ముడివేయడం అప్పుడూ ఇప్పుడూ దాని సారం.

నీళ్లు పిల్లల దగ్గర నుంచి ఏమి తీసుకెళ్తాయి

సింగ్ నగర్‌లో నీళ్లు తీసిన వారంలో ఒక మేడ మీద బట్టల తాడుకు నోటు పుస్తకం ఒకటి వేలాడుతూ కనిపించింది. మధ్య పేజీలో తాడు దూర్చి, రెండు వైపులా క్లిప్పులు పెట్టారు. నీలి సిరా పేజీ అంతా పాకి, అక్షరాలు పోయి, అట్ట రెండింతలు ఉబ్బింది. ఆరిన తర్వాత కూడా ఆ పుస్తకం మూసుకోదు, మూసినా బురద వాసన పోదు. దాన్ని ఆరేసిన పిల్లకు ఆ సంగతి తెలియకపోలేదు. అది తను రాసుకున్న పుస్తకం కాబట్టి పారేయలేకపోయింది.

పాఠ్యపుస్తకాలు, యూనిఫాం, బ్యాగు మళ్లీ ఇవ్వవచ్చు, ఇస్తారు కూడా. చేత్తో రాసుకున్న నోట్సును ఎవరూ మళ్లీ ఇవ్వలేరు. బడి తెరిచిన మొదటి వారంలోనే ‘హోంవర్కు ఏది?’ అని అడిగితే, చాలామంది పిల్లలు ‘తడిసిపోయింది టీచర్’ అనరు, ‘మర్చిపోయాను’ అంటారు. ఇల్లు మునిగిందని నలుగురిలో చెప్పుకోవడం కంటే బద్ధకస్తుడినని అనిపించుకోవడం వారికి తేలికగా ఉంటుంది. దీన్ని పసిగట్టడం మొదటి మెట్టు.

కంటికి కనిపించని నష్టం ఇంకొకటి ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు భయపడటం పిల్లలు మొదటిసారి చూస్తారు. పాల ప్యాకెట్ కోసం నాన్న నడుము లోతు నీళ్లలో నడవడం, పడవలో అందరికీ చోటు లేక నాయనమ్మను మేడ మీదే వదిలి వెళ్లవలసి రావడం, ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఎవరు ఎక్కడ ఉన్నారో తెలియని రాత్రి. పెద్దలు ఉన్నారు కదా అన్న ధీమా ఒకసారి సడలితే, బీరువా కొన్నంత తేలికగా అది తిరిగి రాదు.

హాజరు పట్టీతో మొదలయ్యే పని

ఈ పని ఎలా నడుస్తుందో ఒక ఊహించుకున్న తరగతితో చూద్దాం. ఏడో తరగతిలో 42 మంది ఉన్నారనుకోండి. బడి తెరిచిన రోజు 23 మంది వచ్చారు, రెండో వారం చివరికి 36, మూడో వారం చివరికి 38. శాతంలో చూస్తే 90 దాటింది కాబట్టి పై అధికారులకు వెళ్లే నివేదికలో పరిస్థితి సాధారణం. సోషల్ వర్కర్ చూసేది మిగిలిన నలుగురి పేర్లు.

మొదటి పిల్లవాడు నందిగామ దగ్గర అమ్మమ్మగారి ఊళ్లో ఉన్నాడు. టీసీ లేదని అక్కడి బడిలో చేర్చుకోలేదు, ఇక్కడ పట్టీలో పేరు ఉంది కానీ మనిషి లేడు. వీడికి కావలసింది అక్కడి హెచ్.ఎం.కు ఒక ఫోన్. టీసీ ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశం నిరాకరించకూడదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది కాబట్టి, ఆ మాట గుర్తుచేసి, అక్కడ చేరినట్టు రూఢి అయ్యేదాకా ఇక్కడ పేరు కొట్టేయకుండా చూడాలి.

రెండోవాడు బైకు మెకానిక్ షెడ్డులో ఉన్నాడు. వరద తర్వాత ఊరంతా మునిగిన బళ్లే, షెడ్డులో చేతినిండా పని. తండ్రి ఆటో ఇంజన్ పట్టేసింది, ఫైనాన్స్ వాళ్ల వాయిదా మాత్రం ఆగలేదు. ఇక్కడ పిల్లవాణ్ని కూర్చోబెట్టి చదువు గొప్పతనం చెప్పి లాభం లేదు. ఆటో పరిహారం దరఖాస్తు వార్డు సచివాలయంలో ఎక్కడ ఆగిందో కనుక్కోవాలి. కుటుంబ ఆదాయం నిబంధనలకు లోబడి ఉంటే, పిల్లల సంరక్షణకు కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ కోసం జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి కాగితాలు పంపాలి. 14 ఏళ్లలోపు పిల్లవాణ్ని పనిలో పెట్టుకోవడం నేరమని షెడ్డు యజమానికి నిదానంగానే అయినా స్పష్టంగా చెప్పాలి. ఈ మూడూ జరిగాక చదువు గురించి మాట్లాడితే ఆ మాటకు ఇంట్లో చెవి ఉంటుంది.

మూడో పిల్ల ఇంట్లో రెండేళ్ల తమ్ముణ్ని చూసుకుంటోంది. అంగన్‌వాడీలోకి నీళ్లొచ్చి మూతపడింది, తల్లి ఇళ్లల్లో పనికి వెళ్లక తప్పదు. ఈ సమస్యకు పరిష్కారం బడిలో లేదు. అంగన్‌వాడీలను పర్యవేక్షించే ఐసీడీఎస్ సూపర్‌వైజర్‌ను కలిసి అంగన్‌వాడీని వేరే గదిలో తెరిపించగలిగితే, పిల్ల మర్నాడే బడికి వస్తుంది.

నాలుగో పిల్ల ప్రతి ఉదయం బ్యాగు వేసుకుని ఇంటి నుంచి బయలుదేరుతోంది, బడికి మాత్రం చేరడం లేదు. దారిలో కాలువ వంతెన దాటాలి, ఆ రాత్రి నీళ్లు అటు నుంచే వచ్చాయి. వంతెన దగ్గర ఆగి, పక్కనున్న గుడి అరుగు మీద కూర్చుని, సాయంత్రం ఇంటికి వెళ్తోంది. ముందు పక్కవీధి స్నేహితురాలిని తోడుగా నడిపించాలి. మొదటి వారం తల్లి కూడా వెంట రావాలి. మూడు, నాలుగు వారాల తర్వాత కూడా ఆ పిల్ల ఒళ్లు బిగుసుకుపోతుంటే అప్పుడు వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి.

నలుగురిలో ముగ్గురి అవసరం కాగితాలు, డబ్బు, తమ్ముడికి ఒక చోటు. మనసుకు సంబంధించిన ఇబ్బంది కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నది ఒక్కరిలోనే. అసలు తరగతుల్లో లెక్క ఇలాగే ఉంటుందని చెప్పలేం కానీ, ‘పిల్లలందరికీ కౌన్సెలింగ్’ అన్న ఒకే మందు ఎందుకు చాలదో ఈ ఉదాహరణ చూపిస్తుంది.

ఇక వచ్చిన 38 మంది సంగతి. గోల చేసేవాణ్ని టీచరు ఎలాగూ గమనిస్తుంది. ముందు బాగా మాట్లాడి ఇప్పుడు మౌనంగా ఉన్న పిల్ల క్రమశిక్షణ గలదిగా కనిపిస్తుంది కాబట్టి, ఆమె మీద ఎవరి దృష్టీ పడదు. మబ్బు పట్టినప్పుడు ఎవరు కిటికీ వైపు చూస్తున్నారు, మధ్యాహ్న భోజనంలో ఎవరు గుడ్డు దాచి ఇంటికి తీసుకెళ్తున్నారు అన్నవి నేను హాజరు శాతం కంటే ముఖ్యమైన సమాచారంగా భావిస్తాను.

భయం ఎప్పుడు సహజం, ఎప్పుడు జబ్బు

విపత్తు తర్వాత మొదటి వారాల్లో నిద్ర పట్టకపోవడం, చిన్నపిల్లలు మళ్లీ పక్క తడపడం, అమ్మ కొంగు వదలకపోవడం, బకెట్టులో బొమ్మలు వేసి ‘వరదాట’ ఆడటం అసహజం కాదు. కాస్త పెద్ద పిల్లల్లో అదే బాధ చిరాకుగానో మొండితనంగానో బయటపడుతుంది. భద్రత, పాత దినచర్య తిరిగి వస్తే ఎక్కువమంది క్రమంగా కుదుటపడతారు. ఇలాంటి లక్షణాలు నెల దాటినా తగ్గకుండా, ఆ దృశ్యాలే పదేపదే కళ్ల ముందు మెదులుతూ, చదువుకూ తిండికీ అడ్డుపడుతుంటే మాత్రం, వైద్యులు పీటీఎస్‌డీ (భయంకర అనుభవం తర్వాత మనసులో నిలిచిపోయే ఆందోళన) అనే రుగ్మత ఉందేమో పరీక్షించాలి. చనిపోవాలని ఉందని పిల్ల అంటే నెల దాకా ఆగకూడదు, ఆ రోజే చూపించాలి. ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ సలహాదారులు తెలుగులోనే మాట్లాడతారు.

అత్యవసర పరిస్థితుల్లో మానసిక, సామాజిక సహాయం గురించి 2007లో అంతర్జాతీయ సంస్థలు కలిసి రూపొందించిన మార్గదర్శకాలు ఈ సాయాన్ని నాలుగు అంతస్తుల పిరమిడ్‌గా చూపాయి. అన్నిటికంటే కింద అందరికీ కావలసిన భద్రత, తిండి, నీళ్లు ఉంటాయి. దాని మీద కుటుంబం, బడి, ఇరుగుపొరుగు ఇచ్చే ఆసరా, ఆ పైన కొందరికి మాత్రమే అవసరమైన శిక్షణ పొందినవారి తోడు, కొసన చాలా కొద్దిమందికి మానసిక వైద్యం. పాఠశాల సోషల్ వర్క్ ప్రధానంగా కింది నుంచి రెండో, మూడో అంతస్తుల్లో జరుగుతుంది. పై అంతస్తు అవసరమైనవారిని గుర్తించి చేర్చడం దాని బాధ్యత, చికిత్స చేయడం కాదు.

పిల్లలతో వరద గురించి మాట్లాడించాలా?

ఈ ప్రశ్న మీద నిజాయితీగా ఆలోచించేవారిలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. కడుపులో దాచుకుంటే కుళ్లుతుంది, బయటికి చెప్పిస్తేనే తేలికపడతారు అన్నది ఒకటి. మానుతున్న పుండును కెలకవద్దు, ఆటపాటల్లో పడితే వాళ్లే మర్చిపోతారు అన్నది రెండోది. చాలామంది తల్లిదండ్రులు రెండో వైపు, చాలామంది స్వచ్ఛంద కార్యకర్తలు మొదటి వైపు మొగ్గుతారు.

విపత్తు జరిగిన వెంటనే బాధితులను గుంపుగా కూర్చోబెట్టి, జరిగిందంతా ఒక్క సమావేశంలో చెప్పించే పద్ధతి ఒకప్పుడు విరివిగా వాడేవారు. దానివల్ల తర్వాతి రుగ్మత ఆగుతుందన్న ఆశ పరిశోధనల్లో నిలబడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని వద్దని, 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స కరదీపికలో మూడు పనులు సూచించింది: పరిస్థితిని చూడటం, చెప్పదలచుకుంటే వినడం, కావలసిన సాయంతో జతపరచడం. అలాగని మౌనమే మందు అని ఎవరూ తేల్చలేదు. పిల్ల అడిగిన ప్రశ్నకు పెద్దలు మాట మార్చితే, ఇది మాట్లాడకూడని విషయమని, తన భయం తప్పని ఆ పిల్ల నేర్చుకుంటుంది.

తరగతి గదిలోకి వస్తే ఈ తేడా ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది. ‘నేను చూసిన వరద’ అని అందరూ వ్యాసం రాయాలని చెప్పి, మార్కులు వేసి, బాగున్నదాన్ని పైకి చదివించడం ఒక పద్ధతి. సదుద్దేశంతోనే చేస్తారు, కొందరు పిల్లలు రాసి తేలికపడతారు కూడా. తాతను పోగొట్టుకున్న పిల్లకు మాత్రం అది శిక్ష. అదే పీరియడ్‌లో కాగితాలు, రంగులు ఇచ్చి, ‘ఏమైనా వేయండి, చూపించాలనుకుంటే చూపించండి’ అంటే, వరద వేసేవాళ్లు వేస్తారు, నెమలి వేసేవాళ్లు నెమలి వేస్తారు. ఎంపిక పిల్లల చేతిలో ఉండటమే ముఖ్యమని నాకు అనిపిస్తుంది.

చట్టంలో ఉన్న ఆధారాలు

ప్రకృతి వైపరీత్యానికి గురైన పిల్లలు 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం సంరక్షణ, రక్షణ అవసరమైన బాలల నిర్వచనంలోకి వస్తారు. అంటే అవసరమైతే బాలల సంక్షేమ సమితి జోక్యం చేసుకోవచ్చు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయవచ్చు. విద్యాహక్కు చట్టం రక్షణ 6 నుంచి 14 ఏళ్ల వారికే ఉంది కాబట్టి, తొమ్మిది, పది తరగతుల్లో ఉన్న పెద్ద పిల్లలు చట్టం అంచున నిలబడతారు. బడి మాని పనిలో చేరే ప్రమాదం ఎక్కువగా ఉన్నది కూడా ఆ వయసులోనే.

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్‌లో మరో చిక్కు ఉంది. టీచర్లను జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయక విధులకు తప్ప బోధనేతర పనులకు వాడకూడదని అందులో రాశారు. విపత్తు సహాయానికి వాడవచ్చునన్నమాట. నష్టాల నమోదుకో, సహాయ కేంద్రాల నిర్వహణకో టీచర్లు వెళ్లవలసి వచ్చినప్పుడు, తన పేరు తెలిసిన మనిషి పిల్లకు అత్యంత అవసరమైన వారంలోనే ఆ మనిషి తరగతిలో ఉండకపోవచ్చు. సాయం ఆపమని ఎవరూ అనలేరు. ఆ వారంలో తరగతిలో ఎవరుండాలో ముందే నిర్ణయించుకోవడం మాత్రం సాధ్యమే.

బడిని సహాయ కేంద్రంగా వాడటం మీద కూడా ఇలాంటి వాదమే ఉంది. కాలనీలో ఎత్తైన, గట్టి భవనం అదే కాబట్టి వాడక తప్పదు. ఆ వాడకం ఎంతకాలం సాగితే పిల్లల పాత దినచర్య అంత వెనక్కి పోతుంది.

ఎవరు చేయాలన్న చర్చ

2020 జాతీయ విద్యా విధానం బడులకు, పాఠశాల సముదాయాలకు (దగ్గర్లోని కొన్ని బడుల కూటమికి) అనుబంధంగా సలహాదారులు, శిక్షణ పొందిన సోషల్ వర్కర్లు ఉండాలని చెప్పింది. మామూలు ప్రభుత్వ, మునిసిపల్ బడి సిబ్బంది జాబితాలో అలాంటి పోస్టు మనకు కనిపించదు. పని మాత్రం ముక్కలు ముక్కలుగా చాలామంది చేతుల్లో ఉంది: క్లాస్ టీచరు, దివ్యాంగ పిల్లల కోసం పనిచేసే రిసోర్స్ టీచర్లు, వార్డు సచివాలయ కార్యదర్శులు, ఏఎన్ఎం, మహిళా పోలీసు, జిల్లా బాలల పరిరక్షణ విభాగంలోని సోషల్ వర్కర్లు. ఆటో కాగితం ఒకరి దగ్గర, అంగన్‌వాడీ ఇంకొకరి దగ్గర, హాజరు మరొకరి దగ్గర ఉంటుంది. పిల్ల మొత్తంగా ఎవరి దగ్గరా ఉండదు.

ప్రతి బడికీ అర్హత గల సోషల్ వర్కర్ కావాలనేవారి వాదనలో బలముంది. ఇళ్లకు తిరగడం, కార్యాలయాలను వెంటాడటం, గోప్యత పాటించడం అనేవి నేర్చుకోవలసిన నైపుణ్యాలు, ఆరు పీరియడ్లు చెప్పే మనిషి వాటిని అదనంగా మోయలేడు. టీచర్లకే శిక్షణ ఇస్తే చాలనేవారిదీ అనుభవంలోంచి వచ్చిన మాటే. పిల్లలు కొత్త మనిషికి మనసు విప్పరు, ‘మేడం పిలుస్తున్నారు’ అని తరగతి నుంచి ఒక్కణ్ని తీసుకెళితే మిగతావాళ్లు వేరేగా చూస్తారు. ఎం.ఎస్.డబ్ల్యు. విద్యార్థులను క్షేత్రశిక్షణ కింద పంపితే ఖర్చు లేకుండా పోతుందని మూడో సూచన. అది చేతులు పెంచుతుంది, కానీ సెమిస్టర్ అయిపోగానే వాళ్లు వెళ్లిపోతారు. వరదలో మనుషులను పోగొట్టుకున్న పిల్లకు ఇది ఇంకో వీడ్కోలు.

నేను ఆలోచించినంతలో, గమనించే పని టీచరుదిగా, వెంటాడే పని పాఠశాల సముదాయానికి ఒక్కరైనా ఉండే సోషల్ వర్కర్‌దిగా విడదీస్తే రెండు వాదనల్లోని మంచీ నిలుస్తుంది. ఫలానా పిల్ల కేసు ఎక్కడిదాకా వచ్చిందని అడిగితే జవాబు చెప్పవలసిన మనిషి ఒకరు ఉండాలి.

జూన్‌లో ఏమవుతుంది

విపత్తు సాయం వారాల్లో ముగుస్తుంది, విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో ముగుస్తుంది. జూన్‌లో పిల్ల ఎనిమిదో తరగతికి వెళ్తుంది, సెక్షన్ మారుతుంది, క్లాస్ టీచరు బదిలీ అయి ఉండవచ్చు. వంతెన దగ్గర ఆగిపోయే పిల్ల సంగతి తెలిసినవారు ఇప్పుడు ఆ గదిలో లేరు. సరిగ్గా అప్పుడే తొలకరి వానలు పడతాయి, ఆగస్టు చివరికి అదే తేదీ తిరిగొస్తుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి దివిసీమ పెద్దలు ఇప్పటికీ తేదీతో సహా చెబుతారు. పెద్దలకే అంతగా గుర్తుండే తేదీని పిల్లలు ఒక్క ఏడాదిలో మర్చిపోతారనుకోవడానికి ఆధారం లేదు.

అందుకే సోషల్ వర్కర్ రాసుకునే కేసు పుస్తకంలో చివరి పేజీ కొత్త క్లాస్ టీచరుకు అప్పగింత కోసం ఉంటుంది. ఇంటి గుట్టంతా అందులో రాయరు, తరగతిలో అవసరమైనంతే రాస్తారు. మన ఉదాహరణలోని నాలుగో పిల్లకైతే నాలుగు వాక్యాలు సరిపోతాయి: వాన రోజున కిటికీ పక్క బెంచీలో కూర్చోబెట్టవద్దు. పక్కవీధి స్నేహితురాలిని అదే సెక్షన్‌లో ఉంచండి. మబ్బు పట్టిన రోజు రాకపోతే పదిన్నరలోపు తల్లికి ఫోన్ చేయండి. తడిసిన నోటు పుస్తకం ఇంకా బ్యాగులోనే పెట్టుకుంటుంది, తీసేయమనవద్దు.